నీలం డ్రమ్ములు, నలభై ఏడు ద్రాక్షపండ్లు

నా పేరు బండి గురప్ప. తండ్రి బండి వెంకటప్ప. వయసు యాభై ఒకటి. సొంత ఊరు అన్నమయ్య జిల్లా చిట్వేలి మండలం గొల్లపల్లె. కువైట్‌కు వచ్చి పందొమ్మిదేళ్ళయింది. ఎగైలాలో అబూ యూసఫ్ గారి ఇంట్లో తోట పని, కార్లు కడిగే పని చేస్తాను. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, వచ్చే మార్చి వరకు ఉంది. ఈ ఠాణాకే కాదు, ఏ ఠాణాకూ ఇంతకు ముందు రాలేదు.

ఈ రోజు 2024 జూన్ 6, గురువారం. ఉదయం 9 గంటల 10 నిమిషాలకు రాయడం మొదలుపెట్టాను. ములాజిమ్ గారు, అంటే ఈ కేసు చూస్తున్న అధికారి, అరబ్బీలో అడుగుతున్నారు. ఠాణాలో తర్జుమా చేసే ఖాజా హుస్సేన్ గారు తెలుగులో చెబుతున్నారు. ఆయనది కడప. మంగళవారం, బుధవారం నేను నోటితో సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకని ఈ రోజు ఆయన నా ముందు కాగితం, పెన్ను పెట్టారు.

“ఏమప్పా, నాలుక ఎగైలాలో మర్సిపెట్టి వచ్చినావా? రెండు దినాల్నుంచి అడిగి అడిగి నా నోరు నొప్పి పుడతాండాది.”

“రాస్తే చెప్పగలను సార్,” అన్నాను.

“అయితే రాయి. ఒక్క మాట ఇడ్సకుండా రాయి. అరబ్బీలో నేను చెప్తా.”

నేను బడికి వెళ్ళింది మూడో తరగతి వరకే. మిగిలిన చదువు పొట్లం కాగితాల మీద, బస్సు బోర్డుల మీద నేర్చుకున్నాను. ఏ రోజు చేసిన పని ఆ రోజు పుస్తకంలో రాసుకోవడం అలవాటు. కాబట్టి తేదీలు, సమయాలు తప్పు లేకుండా రాయగలను.

నా మీద వచ్చిన ఫిర్యాదు ఇది: ఇంటి వెనుక డ్రమ్ముల్లో మత్తు సరుకు పులియబెట్టి, సీసాల్లో పోసి వీధిలో పంచుతున్నానని. అది నిజమని తేలితే తస్ఫీర్ చేస్తారు, అంటే దేశం నుంచి పంపేస్తారు, మళ్ళీ రానివ్వరు అని ఖాజా హుస్సేన్ గారు చెప్పారు. రేపు శుక్రవారం ఉదయం 6 గంటలకు నేను ఎగైలా ఇంట్లో ఉండాలి. ఎందుకో కింద రాస్తాను. ముందు డ్రమ్ముల సంగతి రాస్తాను.

అబూ యూసఫ్ గారి భార్య మామా రీమా గారిది లెబనాన్. ఇక్కడ ఇంటి అమ్మగారిని మామా అంటాం. ఆమె పుట్టింటివాళ్ళకు బెకా లోయలో ద్రాక్ష తోట ఉంది. ఆమె ముత్తాత నాటినది. పురుగుమందు చల్లరు, ఎరువు బస్తా కొనరు. అన్నదమ్ములు, కోడళ్ళు, మనవలు అందరూ తోటలోనే పని చేస్తారు. ఆ ద్రాక్షతో వైన్ చేస్తారు. అక్కడ అది చట్టం ఒప్పుకున్న పని. 2022 సెప్టెంబరులో మామా పిల్లలతో పుట్టింటికి వెళ్తూ సామాను మోయడానికి నన్ను వెంట తీసుకెళ్ళారు. పద్దెనిమిది రోజులు ఉన్నాను. సామాను మొదటి రోజే మోశాను. మిగిలిన పదిహేడు రోజులు ద్రాక్ష కోశాను. నన్ను ఎవరూ కోయమనలేదు. ఉదయం ఐదుంపావుకు అందరూ కత్తెరలు తీసుకుని వెళ్తుంటే నేనూ వెళ్ళి నిలబడ్డాను. మామా గారి నాన్న ఎలియాస్ గారు నాకూ ఒకటి ఇచ్చారు.

ఎలియాస్ గారికి అప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు. ఆయన అరబ్బీ నాకు సగమే తెలుస్తుంది. ఇద్దరం చేతులతో మాట్లాడుకున్నాం. ఆ పదిహేడు రోజుల్లో నేను మాట్లాడినంత ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు.

వాళ్ళ తోటలో ఎనిమిదో వరుస తీగలు పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. ఆ వరుస దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన నడక నెమ్మదించేది. నేను వాళ్ళ ఆవుల కొట్టం చూసి, ఒక డ్రమ్ము అడిగాను. మా వైపు అరటికి, చీనీకి పోసే జీవామృతం కలిపాను. పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, చెట్టు మొదట్లోని మట్టి ఒక గుప్పెడు, నీళ్ళు. బెల్లం దొరకలేదు కనుక ద్రాక్ష పాకం పోశాను. నీడలో పెట్టి, తడి గోనె కప్పి, ఉదయం సాయంత్రం కర్రతో తిప్పాలి. బుడగలు వస్తాయి. పులిసిన వాసన వస్తుంది. అది మట్టికి బలం. తాగేది కాదు. కోడళ్ళు ముక్కులు మూసుకుని నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కొలతలన్నీ కాగితం మీద రాసుకున్నారు.

మరుసటి ఏడు జూన్‌లో ఆయన మామా ఫోనుకు ఒక వీడియో పంపారు. ఎనిమిదో వరుసలో నడుస్తున్నారు. ఆకులు పచ్చగా ఉన్నాయి. వీడియో నాలుగు నిమిషాలు ఉంది. ఆయన ఏమీ మాట్లాడలేదు, నడిచారు అంతే. నేను మొత్తం చూశాను. మళ్ళీ చూశాను.

ఇప్పుడు తీగ సంగతి. 2023 ఫిబ్రవరి 11న మామా మరోసారి పుట్టింటికి వెళ్ళి వస్తూ ఐదు ద్రాక్ష కొమ్మలు తెచ్చారు. వాటి కాగితాలు ఆమె దగ్గర ఉన్నాయి. ఇంటి తూర్పు గోడ పక్కన నేను నాటాను. నాలుగు ఎండిపోయాయి. ఒకటి బతికింది. మొదటి వేసవిలో రోజుకు మూడుసార్లు గోనె తడిపి దానికి నీడ కట్టాను. ఈ ఏడు దానికి ఒకే ఒక గుత్తి వచ్చింది. నలభై ఏడు పండ్లు.

వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త తీగ మొదటి గుత్తిని నాటిన చెయ్యే కోయాలి. ఆ మనిషి ఊళ్ళో లేకపోతే వేరే ఎవరూ కోయరు, పిట్టలకు వదిలేస్తారు. ఎలియాస్ గారి తమ్ముడు సైన్యంలో ఉన్న ఏడు ఆయన నాటిన తీగకు అలాగే వదిలేశారని మామా చెప్పారు. రేపు ఉదయం 6 గంటలకు కోయాలని అందరూ అనుకున్నాం. అది చూడటానికే ఎలియాస్ గారు నిన్న బుధవారం విమానంలో కువైట్ వచ్చారు. ఆయన వచ్చేసరికి నేను ఇక్కడ ఉన్నాను.

ఎగైలాలో డ్రమ్ములు రెండు. నీలం రంగువి. వంటగది వెనుక నీడలో పెట్టాను. ఆవు పేడ దగ్గరలో దొరకలేదు. అబూ యూసఫ్ గారి తమ్ముడికి కబ్ద్‌లో ఒంటెల దొడ్డి ఉంది. పేడ, మూత్రం అక్కడి నుంచి తెచ్చేవాణ్ణి. ఒంటెది పని చేస్తుందో లేదో నాకు తెలియదు. చేసింది. బెల్లానికి బదులు మెత్తబడిన ఖర్జూరాలు వేశాను. ఇక్కడ ఖర్జూరం పులియబెట్టి దొంగతనంగా సారా కాస్తారని నాకు తెలియదు. ఈ మాట ములాజిమ్ గారు నాలుగుసార్లు అడిగారు. నాలుగుసార్లూ తెలియదనే చెప్పాను. ఐదోసారి ఇక్కడ రాస్తున్నాను. తెలియదు.

సీసాల సంగతి. మా తీగ పచ్చగా ఉండటం చూసి మూలమీది ఇంటి డ్రైవర్ మెహరాజ్ వాళ్ళ నిమ్మచెట్టుకు కొంచెం అడిగాడు. తర్వాత తెల్ల గేటు ఇంట్లో పని చేసే శివపార్వతి మల్లె పొదకు అడిగింది. తాగునీళ్ళ ఖాళీ సీసాల్లో పోసి ఇచ్చాను. కంపు బయటికి రాకుండా నల్ల కవరులో చుట్టి వెనుక గేటు నుంచి ఇచ్చాను. ముందు గేటు నుంచి ఇస్తే వాసన దివానియాలో, అంటే మగ అతిథుల గదిలో, కూర్చున్న వాళ్ళకు వస్తుంది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఎవరికి ఎన్ని సీసాలు ఇచ్చానో పుస్తకంలో రాశాను.

మంగళవారం, జూన్ 4. ఆ రోజు దుమ్ము గాలి. ఎదురింటి గోడ కూడా కనిపించలేదు. సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు గంట మోగింది. అబూ యూసఫ్ గారు రియాద్‌లో ఉన్నారు. మామా పిల్లలతో సాల్మియా వెళ్ళారు. ఇంట్లో నేను, వంటమనిషి సత్యలక్ష్మి ఉన్నాం. ఆమెది కోనసీమ. తలుపు ఆమే తీసింది. నలుగురు పోలీసులు వచ్చారు. దుమ్ముకు నలుగురూ మాస్కులు వేసుకుని ఉన్నారు. నేరుగా వంటగది వెనక్కు వెళ్ళారు.

“చెప్పేనా లేదాండీ గురప్ప గారూ? ఈ కుడితి తొట్టి ఏదో రోజు మన కొంప ముంచుతాదని చెప్పేనా? ఇదిగో, జీపేసుకుని మరీ వచ్చేరు.”

ఇది సత్యలక్ష్మి నాతో అన్న మాట. పోలీసుల్లో పొడుగ్గా ఉన్నాయన గోనె తీసి చూశారు. బుడగలు వస్తున్నాయి. ఖర్జూరం తొక్కలు తేలుతున్నాయి. ఇది ఏమిటని అడిగారు. “దవా,” అన్నాను. మందు అని. ఎవరు తాగుతారని అడిగారు. చెట్లు తాగుతాయని నాకు వచ్చిన అరబ్బీలో చెప్పాను. ఆయన మిగిలిన ముగ్గురి వైపు చూశారు. నేను ఎగతాళి చేస్తున్నానని అనుకున్నారని తర్వాత తెలిసింది.

సత్యలక్ష్మి ముందుకు వచ్చింది. “సార్, మాస్క్ తీయండి సార్. మాస్క్ తీసి స్మెల్ చూడండి. ఒక్కసారి చూస్తే మీరే పారిపోతారు.” తెలుగులోనే చెప్పింది. చేతులతో చూపించింది. వాళ్ళు మాస్కులు తీయలేదు. ఆ దుమ్ములో నేనైనా తీయను.

డ్రమ్ములకు సీలు వేశారు. రెండు సీసాల నిండా తీసుకుని మూతలు బిగించారు. నా పుస్తకం తీసుకున్నారు. ఫోను తీసుకున్నారు. గోడ పక్కన వెతకడానికి ఒకాయన తీగ పందిరి మీద చెయ్యి వేశారు. పందిరి ఊగింది. అప్పుడు మాత్రం నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. సత్యలక్ష్మి వెళ్ళి గుత్తికి, ఆయనకు మధ్య నిలబడింది. గుత్తి మీద గుడ్డ సంచి ఉంది. గుత్తికి ఏమీ కాలేదు.

6 గంటల 5 నిమిషాలకు నన్ను జీపు ఎక్కించారు. అబూ యూసఫ్ గారు రియాద్ నుంచి ఠాణాకు ఫోను చేశారు. చాలాసేపు మాట్లాడారు. తర్వాత నాకు ఇవ్వమన్నారు. “గుత్తి ఎలా ఉంది?” అని అడిగారు. బాగుందని చెప్పాను. “సరే, ఇక నువ్వు ఏమీ మాట్లాడకు,” అన్నారు. ఆ మాట పాటించడం నాకు కష్టం కాలేదు.

బుధవారం ఉదయం 10 గంటలకు నా పుస్తకం టేబుల్ మీద పెట్టారు. ఖాజా హుస్సేన్ గారు చదివి అరబ్బీలో చెబుతూ, మధ్యలో ఆగి నా వైపు చూశారు.

“ఏం రాసుకున్నావప్పా ఇది? మెహరాజ్, మూలమీది ఇల్లు, రెండు సీసాలు. బాగా పని చేసింది, ఇంకా కావాలన్నారు. శివపార్వతి, తెల్ల గేటు, ఒక సీసా. నీళ్ళు కలపకుండా పోసింది, తెల్లారేసరికి వాలిపోయింది. రెండు దినాలకు తేరుకుంది. ఎవురు వాలిపోయింది?”

“మల్లె పొద సార్.”

“పొద అని రాయాల గదా.”

“నాకు తెలుసు కదా సార్. నాకోసమే రాసుకున్నాను.”

ములాజిమ్ గారు ఎంతమంది వాలిపోయారని అడిగారు. ఒక మల్లె పొద, ఒక బెండ మొక్క అని చెప్పాను. బెండ మొక్క తేరుకోలేదని కూడా చెప్పాను. పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

తర్వాత ఫోనులో ఉన్న ఒక ఫోటో చూపించారు. ఫోటోలో ఉన్నది నేనే. నా వెనుక ఉన్నవి పీపాలే. వాటిలో ఉన్నది వైనే. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. కాళ్ళు మోకాళ్ళ వరకు ఎర్రగా ఉన్నాయి. అది 2022 సెప్టెంబరు 21న బెకాలో తీసింది. ఆ రోజు ఇంటివాళ్ళందరూ పెద్ద తొట్టిలో దిగి ద్రాక్ష తొక్కారు. ఇప్పుడు యంత్రం ఉంది. ఒక్క తొట్టి మాత్రం పిల్లల సరదా కోసం కాళ్ళతో తొక్కుతారు.

“ఇంత నోరు తెరిచి నవ్వుతున్నావు. తాగి ఉన్నావా?” అని అడిగారు.

తాగి లేను. ఎలియాస్ గారు తొట్టిలో కాలు జారి చతికిలబడ్డారు. లేపబోయి ఆయన కొడుకు పడ్డాడు. వాళ్ళిద్దరినీ లేపబోయి నేను పడ్డాను. పెద్దాయన ద్రాక్ష రసంలో కూర్చుని, టోపీ సరిచేసుకుని, నాకు చెయ్యి ఇచ్చి పలకరించారు, అప్పుడే కొత్తగా కలిసినట్టు. అందుకు నవ్వాను. నేను ఫోటోల్లో నవ్వను. ఆ ఒక్క ఫోటోలోనే నవ్వాను. దాన్నే పోలీసులు చూశారు. ఆ రోజు రాత్రి భోజనంలో వాళ్ళు ఇచ్చిన వైన్ ఒక గుక్క తాగాను. అది కూడా దాచడం లేదు. పుల్లగా ఉంది. రెండో గుక్క తాగలేదు. కువైట్‌లో ఎప్పుడూ ఏదీ తాగలేదు, చేయలేదు, పంచలేదు.

నిన్న సాయంత్రం 4 గంటలకు సత్యలక్ష్మి అన్నం క్యారియర్ తెచ్చింది. కమ్మీల అవతల నుంచే మాట్లాడింది.

“పెద్దాయన దిగేరండీ. సంచీ కూడా లోపల పెట్టలేదు, తిన్నగా పందిరి కిందకెళ్ళి నించున్నారు. గురప్ప ఎక్కడ, గురప్ప ఎక్కడ అని ఒకటే గోల. మామా చెప్పలేక ఏడ్చేసింది. పొద్దున్నే నేను గుత్తి మీది గుడ్డ సంచీ విప్పి చూసేనండి. నలభై ఏడూ ఉన్నాయి. లెక్కెట్టేను.”

“తాకలేదు కదా?”

“కళ్ళతో లెక్కెట్టేనండీ బాబూ. మీ గుత్తిని ముట్టుకుని నేనెక్కడ బతుకుతాను? పప్పుచారు చల్లారిపోతాది, తినండి.”

ఇంతవరకు రాసేసరికి 10 గంటల 20 నిమిషాలు. ఇక్కడ ములాజిమ్ గారు ఆపమన్నారు. బయట ఎవరో వచ్చారు.

మళ్ళీ 11 గంటల 50 నిమిషాలకు రాయడం మొదలుపెడుతున్నాను. మధ్యలో జరిగింది కూడా రాయమని ములాజిమ్ గారే చెప్పారు.

వచ్చింది మామా రీమా గారు, ఎలియాస్ గారు. ఎలియాస్ గారికి ఇప్పుడు ఎనభై ఒకటి. గదిలోకి వచ్చి ముందు నా దగ్గరికి వచ్చారు. నా కుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు, కత్తెర పదును చూసినట్టు. కూతురితో ఏదో అన్నారు. చెయ్యి బాగానే ఉందన్నారని ఖాజా హుస్సేన్ గారు చెప్పారు.

తర్వాత ఆయన ములాజిమ్ గారి ఎదురుగా కూర్చున్నారు. ఆ సీసా తెప్పించమని అడిగారు. ఒకటి పరీక్షకు పంపారు, రెండోది బీరువాలో ఉంది. ములాజిమ్ గారు కొంచెం ఆలోచించి తెప్పించారు. పెద్దాయన మూత తిప్పారు. మంగళవారం నుంచి మూత బిగించి ఉన్న జీవామృతం అది. బుస్సుమంది. ములాజిమ్ గారు చాయ్ గ్లాసు కింద పెట్టారు. ఖాజా హుస్సేన్ గారు కిటికీ దగ్గరికి వెళ్ళారు. గుమ్మం దగ్గర ఉన్న పోలీసు, మంగళవారం మాస్కు వేసుకుని వచ్చిన పొడుగాయన, బయటికి వెళ్ళిపోయారు. పెద్దాయన మాత్రం సీసా ముక్కు దగ్గర పెట్టుకుని నెమ్మదిగా వాసన చూశారు. వాళ్ళ పీపాల దగ్గర గ్లాసు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకున్నారు.

“నాకు ఎనభై ఒక్క ఏళ్ళు. అరవై ఏళ్ళుగా మా దేశంలో ద్రాక్ష పులియబెడుతున్నాను. అది నా కులవృత్తి, దాచుకునే పని కాదు. ఇది అది కాదు. ఇది ఈ మనిషి మా తోటలో కలిపిన మందు. మా ఎనిమిదో వరుస దీనివల్లే బతికింది. దీన్ని ఎవరైనా తాగారంటే వాళ్ళను మీరు పట్టుకోనక్కర్లేదు. శిక్ష ముందే పడిపోయింది.”

ఇది ఖాజా హుస్సేన్ గారు ముక్కు పట్టుకుని నాకు తెలుగులో చెప్పిన మాట. ములాజిమ్ గారు నవ్వు ఆపుకుంటున్నట్టు కనిపించారు. అయినా పరీక్ష ఫలితం రాకుండా ఏమీ చేయలేనన్నారు. ఈ రోజు రాకపోతే, శుక్ర, శనివారాలు సెలవు కనుక, ఇక ఆదివారమే అన్నారు. పెద్దాయన సరే అని కుర్చీ నా పక్కకు జరుపుకుని కూర్చున్నారు. గుత్తి ఎలా ఉందో నాకు చేతులతో చెప్పారు. కాడ గోధుమ రంగుకు తిరిగింది. పండు నొక్కితే మెత్తగా ఉంది. రేపు సరిగ్గా ఉంటుంది. ఆదివారానికి ఆలస్యం అవుతుంది. చేతులతో చెప్పినా నాకు మొత్తం తెలిసింది.

11 గంటల 35 నిమిషాలకు టేబుల్ మీద ఫోను మోగింది. ములాజిమ్ గారు విన్నారు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ విన్నారు. ఫోను పెట్టేసి, అప్పుడు నవ్వారు. చాలాసేపు నవ్వారు.

“గురప్పా,” అన్నారు ఖాజా హుస్సేన్ గారు, “మత్తు ఏం లేదంట. ఒంటె ఉందంట. పరీక్ష కాడ ఆ సీసా తెరిసినోడు ఈ పొద్దు అన్నం తిననని ఇంటికి పోయినాడంట.”

మామా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన నా భుజం మీద ఒక దెబ్బ వేశారు. నేను మంచినీళ్ళు అడిగాను. ఇచ్చారు.

ఈ కాగితం ఫైలులో పెట్టి కేసు మూసేస్తామని ములాజిమ్ గారు చెప్పారు. డ్రమ్ముల సీలు సాయంత్రం వచ్చి తీస్తామన్నారు. డ్రమ్ములు వంటగది వెనుక నుంచి తీసి మేడ మీద పెట్టుకోమన్నారు. పెట్టుకుంటాను. సీసా మీద ఏముందో అరబ్బీలో రాసి అంటించమన్నారు. అది ఖాజా హుస్సేన్ గారు రాసిస్తారు. పుస్తకంలో చెట్టు పేరు కూడా రాయమన్నారు. రాస్తాను.

పుస్తకం, ఫోను తిరిగి ఇచ్చారు. తర్వాత ములాజిమ్ గారు గొంతు తగ్గించి ఒక మాట అడిగారు. జహ్రాలో వాళ్ళమ్మగారి ఇంట్లో రేగుచెట్టు ఉందట. రెండేళ్ళుగా ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయట. ఎన్ని సీసాలు కావాలని అడిగారు. పుస్తకంలో ఇలా రాశాను: జూన్ 6, ములాజిమ్ గారి తల్లి ఇల్లు, రేగుచెట్టు ఒకటి, రెండు సీసాలు, ఒకటికి పది నీళ్ళు కలపాలి. ఖాజా హుస్సేన్ గారు చదివి వినిపించారు. నీళ్ళు కలిపే మాట రెండుసార్లు వినిపించమన్నాను.

పైన రాసినదంతా నా చేత్తో నేను రాసినది. చూసినది, చేసినది మాత్రమే రాశాను. విన్నది ఎవరు చెప్పగా విన్నానో రాశాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఏ మాటా నేర్పించలేదు. ఖాజా హుస్సేన్ గారు మొత్తం గట్టిగా చదివి వినిపించారు, నేను రాసినట్టే ఉంది.

నాకు సంతకం వచ్చు. సంతకం చేస్తున్నాను. వేలిముద్ర కూడా వేయాలన్నారు, కుడి బొటనవేలు అడిగారు. రేపు ఉదయం గుత్తి కోయాల్సింది కుడి చేత్తో. ఆ సిరా రెండు రోజుల దాకా పోదని, పండుకు అంటుతుందని చెప్పి ఎడమది వేస్తానన్నాను. ములాజిమ్ గారు ఎలియాస్ గారి వైపు చూశారు. ఎలియాస్ గారు తల ఊపారు. ఎడమది వేశాను.

(సంతకం) బండి గురప్ప
ఎడమ చేతి బొటనవేలి ముద్ర
6-6-2024, మధ్యాహ్నం 1 గంట 15 నిమిషాలు